జీలుగుగెడ్డలో ఈగగాలం

మా మత్స్యశాఖ పెద్దాఫీసరు మార్తాండరావు గారు స్కాట్లండ్ వెళ్లింది చేపల శీతల గిడ్డంగులు చూడటానికి. తొమ్మిది రోజుల పర్యటనలో ఎనిమిది రోజులు వాన కురిసింది. తొమ్మిదో రోజు కాస్త తెరిపిస్తే, అక్కడివాళ్లు ఆయన్ని ఒక కొండవాగు దగ్గరికి తీసుకెళ్లి, చంకల దాకా వచ్చే రబ్బరు లాగు తొడిగి, చేతికి సన్నటి గాలం కర్ర ఇచ్చి నీళ్లలో నిలబెట్టారు. గాలానికి ఎర లేదు. ఎర ఉండాల్సిన చోట కోడి ఈకలతో కట్టిన బొమ్మ ఈగ ఉంది. దాన్ని గాల్లో రెండుసార్లు ఆడించి నీటి మీద వాల్చగానే, నిజం ఈగే అనుకుని ట్రౌటు అనే చేప వచ్చి కరుచుకుంది. ఆయన దాన్ని పైకి లాగి, ఫొటో దిగి, కూర ఎప్పుడు వండుతారని అడిగారు. వాళ్లు నవ్వి, చేపని నీళ్లలో వదిలేశారు.

ఆ దృశ్యం ఆయన్ని మార్చేసింది. తిరిగొచ్చిన మర్నాడే సమావేశం పెట్టి మాతో అన్నారు: "మన శాఖ పుట్టిన దగ్గర్నుంచి ఈ రాష్ట్రంలో చేపలు పడుతున్నారు, తింటున్నారు, అవి అయిపోతున్నాయి. వదిలేస్తే అయిపోవు. ఇంత చిన్న విషయం మనలో ఒక్కరికీ తోచలేదు."

నేను ఆ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుని. ఉత్తర్వుల ముసాయిదాలు రాయడం నా పని. ఇందులో వచ్చే నియమాలన్నీ నా కలంలోంచి వచ్చినవే కాబట్టి వాటి మంచిచెడ్డలు నేను చెప్పడం బాగుండదు. జరిగింది మాత్రం చెబుతాను.

రెండు నెలల్లో పథకం మంజూరైంది. దానికి 'పర్వత ప్రవాహ మక్షికా మత్స్య వినోద పథకం' అని పేరు పెట్టారు. మక్షిక అంటే ఈగ అని కింద వివరణ ఇవ్వాల్సి వచ్చింది. కొండమీది జనం ఆ వివరణే ఉంచుకుని, పైదంతా వదిలేసి, 'ఈగగాలం' అన్నారు. మార్తాండరావు గారు ప్రత్యేకాధికారి అయ్యారు. పథకానికి ఇరవై రెండు నియమాలు. అందులో ఏడోది ఆయనకి ప్రాణం: 'పట్టుబడిన ప్రతి ట్రౌటును పట్టిన వ్యక్తి, అది ప్రాణముతో ఉండగానే, ఆలస్యము చేయక నీటిలో విడువవలెను.'

వాగు కావాలి కాబట్టి ఏజెన్సీ పటం పరిచి, ఎత్తుమీద ఉన్న నీలం గీతల్లో పొడుగైనది ఎంచారు. అది జీలుగుగెడ్డ. గెడ్డ అంటే ఆ వైపు మాటలో వాగు. ఆ ప్రాంతం చూసే మా ఫీల్డు అసిస్టెంటు కూర్మారావుని నీళ్ల గురించి నివేదిక పంపమన్నారు. కూర్మారావు శ్రీకాకుళం వైపువాడు. పదకొండేళ్లుగా ఆ కొండల్లోనే ఉన్నాడు. కొండవాళ్లతో కలిసి తిని, వాళ్ల జ్వరాలే తెచ్చుకుని, కార్యాలయంలో ఎవరికీ గుర్తు లేకుండా హాయిగా బతుకుతున్నాడు. అతను ఒకే వాక్యం రాసి పంపాడు. ట్రౌటు చలినీళ్ల చేప అని విన్నాననీ, జీలుగుగెడ్డలో ఏప్రిల్ నెల నీళ్లతో తలంటు పోసుకోవచ్చుననీ. మార్తాండరావు గారు దాని పక్కన ఎర్రసిరాతో రాశారు: 'తలంటు విషయము ఈ ఫైలుకు సంబంధించినది కాదు.'

డిసెంబరులో ఉత్తరాది మంచుకొండల నుంచి ఐదు వేల ట్రౌటు పిల్లలు ప్రాణవాయువు నింపిన సంచుల్లో విమానమెక్కి వచ్చాయి. గెడ్డ ఒడ్డున షామియానా వేశారు. ప్రసంగాలు గంటన్నర సాగాయి. ఆ గంటన్నరలో కొన్ని సంచులు ఎండకి వెచ్చబడి, అందులోవి తెల్లపొట్టలు పైకి తిప్పాయి. మిగతావాటిని నీళ్లలో వదిలారు. అదే రోజు మూడో నియమం అమల్లోకి వచ్చింది. ట్రౌటు విధులు నిర్వర్తించునంత కాలము జీలుగుగెడ్డలో స్థానికులు చేపలు పట్టరాదు.

ఆ మాట చెప్పాల్సిన పని కూర్మారావు మీద పడింది. గెడ్డ పక్కనే పద్దెనిమిది గడపల ఊరు. ఆ ఊళ్లో గెమ్మెలి చిలకమ్మ అనే ఆవిడకి చేపలు పట్టడంలో పేరుంది. యాభై దాటిన మనిషి. తెల్లారేసరికి వెదురు బుట్ట నీళ్లలో పెట్టి, కొండమీద పనికిపోయి, దిగొచ్చేటప్పుడు బుట్ట ఎత్తితే పూటకి సరిపడా పరిగెలు, అంటే చిన్న వాగుచేపలు, ఉండేవి. కూర్మారావు ఆవిడ ఇంట్లో ఎన్ని పూటలు తిన్నాడో అతనికే తెలీదు. అక్కని పిలిచినట్టు అప్పా అని పిలిచేవాడు.

నియమం చదివి వినిపించాక ఆవిడ అడిగింది.

"పట్టేసి ఇడిసేత్తారా?"

"అవునప్పా."

"మరెందుకు పట్టడం?"

కూర్మారావు ఇరవై రెండు నియమాలూ వెతికాడు. జవాబు దొరకలేదు. పట్నం నించి వచ్చేవాళ్లకి సరదా అని చెప్పాడు. ఆవిడ బుట్ట తీసి అటకమీద పెట్టుకుంది. ఆకలి పట్టించుకోనట్టు ఉండటం ఆ ఊరికి కొత్త కాదు గాని, గెడ్డ పక్కన ఉండి గెడ్డవైపు చూడకుండా ఉండటం కొత్త.

ఫిబ్రవరి దాటింది. నీళ్లు వెచ్చబడ్డాయి. ట్రౌట్లు ఒక్కొక్కటీ తేలడం మొదలుపెట్టాయి. మార్చి నెలాఖరుకి కూర్మారావు గెడ్డంతా నడిచి చూస్తే, జలపాతం కింద మడుగులో, రాతి పగుల్లోంచి చల్లటి ఊట వచ్చే చోట, ఒకటి కనపడింది. జానెడున్నర పొడుగు. పక్కన గులాబీరంగు చార. ఎడమ రెక్క చివర చిన్న నొక్కు. అతను కొండ దిగి, రెండు బస్సులు మారి, కార్యాలయానికి వచ్చాడు.

"ఒక్కటి మిగిలిందండి" అన్నాడు.

మార్తాండరావు గారు కళ్లజోడు తీశారు. "మిగిలిందా, ఉందా?"

"ఉందండి."

"అయితే ట్రౌట్లు ఉన్నాయని రాయండి" అన్నారు నాతో.

ఒకటే ఉన్నప్పుడు బహువచనం ఎలాగని నేను నసిగాను. తెలుగులో గౌరవానికి బహువచనం వాడతాం కదా అన్నారాయన. అంత దూరం నుంచి వచ్చిన జీవికి ఆ మాత్రం గౌరవం ఇవ్వకూడదా అని కూడా అన్నారు. నేను 'ట్రౌట్లు ఉన్నారు' అని రాసి, మళ్లీ 'ఉన్నాయి' అని దిద్దాను.

మర్నాడే ఆయన స్వయంగా కొండెక్కారు. రబ్బరు లాగు తొడుక్కుని మడుగులో దిగి, బొమ్మ ఈగని విసిరారు. ట్రౌటు పట్టింది. ఏడో నియమం ప్రకారం వదిలేశారు. టీ తాగి మళ్లీ విసిరారు. మళ్లీ అదే పట్టింది. సాయంత్రంలోగా నాలుగుసార్లయింది. నాలుగోసారి దాన్ని నీళ్లలోకి జార్చి, ఆయన అలాగే నడుంలోతు నీళ్లలో కదలకుండా నిలబడిపోయారట. మొహంలో వెలుగొచ్చిందని కూర్మారావు చెప్పాడు. ఆ వెలుగు నాకు మర్నాడు కార్యాలయంలో అర్థమైంది.

"లక్ష్యం ఏమిటి? త్రైమాసికానికి మూడు వందల పట్టివేతలు. మూడు వందల ట్రౌట్లు అని ఎక్కడైనా ఉందా?"

ఫైలు తిరగేశాను. ఎక్కడా లేదు.

"పట్టినవన్నీ వదిలేస్తున్నప్పుడు, ఒకటి చాలు. ఐదు వేలు తెప్పించడం అజ్ఞానం. అప్పుడు మనకి అనుభవం లేదు."

అప్పటినుంచి పథకం పరుగందుకుంది. ఎవరెవరో పెద్దలు వచ్చేవారు. ఒక్కొక్కరికీ రబ్బరు లాగు తొడిగి కూర్మారావు మడుగులో నిలబెట్టేవాడు. చేపకి ఎక్కువ గాయం కాకూడదని గాలానికున్న ముల్లుని అతనే ఆకురాయితో అరగదీశాడు. విడిచిపెట్టే ముందు దాని నోటికి చిన్న రొయ్యముక్క అందించేవాడు. పాపం, పనిచేసింది కదా అని. నెల తిరిగేసరికి చేపకి సంగతి అర్థమైంది. గాలానికి చిక్కితే రొయ్య దొరుకుతుంది. ఈగ నీళ్ల మీద వాలకముందే తల పైకెత్తి ఎదురుచూసేది. కొందరు పెద్దలకి ఈగని విసరడం చేతకాక చెట్టు కొమ్మకి తగిలిస్తే, అది కొమ్మ కిందికే వచ్చి నిలబడేది. కూర్మారావు దానికి దొరసాని అని పేరు పెట్టుకున్నాడు.

పట్టిన ప్రతివారికీ ధ్రువపత్రం ఇచ్చేవాళ్లం. అందులో చేప వివరాలుండాలి కాబట్టి నేను ఒకేసారి వెయ్యి ప్రతులు అచ్చువేయించాను. జానెడున్నర పొడుగు, గులాబీ చార, ఎడమ రెక్కకి నొక్కు. ఒక పెద్దాయన అరగంటలో మూడుసార్లు పట్టి మూడు పత్రాలు తీసుకుని, జీలుగుగెడ్డ ట్రౌట్లన్నీ ఒకే తీరుగా, క్రమశిక్షణతో ఉన్నాయని అభిప్రాయాల పుస్తకంలో మెచ్చుకున్నారు.

త్రైమాసికానికి మూడు వందలు అడిగితే మొదటి నెలలోనే నాలుగు వందల పన్నెండు చూపించాం. పై కార్యాలయం సంతోషించి లక్ష్యాన్ని తొమ్మిది వందలు చేసింది.

మే నెల వచ్చింది. ఊట కూడా పలచబడింది. దొరసాని రొయ్య తిని పక్కకి ఒరుగుతోందని కూర్మారావు కబురు పెట్టాడు. ప్రత్యేకాధికారి వెంటనే రెండు ఉత్తర్వులు జారీ చేయించారు. మొదటిది సెలవుల గురించి. ట్రౌటు రోజుకి పదిసార్లకు మించి పట్టుబడనక్కరలేదు. ప్రతి గురువారం వారాంతపు సెలవు. వారం మధ్యలో వారాంతం ఎలాగని నేను అడిగితే, శని, ఆదివారాల్లోనే పెద్దలు ఎక్కువగా వస్తారని, సెలవు ప్రజాసేవకి అడ్డురాకూడదని చెప్పారు. రెండోది ఐసు గురించి. రోజూ విశాఖ రేవు నుంచి నాలుగు ఐసు దిమ్మలు తెచ్చి మడుగులో వేయాలి.

దిమ్మలు మొయ్యడానికి లారీ కావాలి. లారీకి రోడ్డు కావాలి. ఆ ఊరివాళ్లు రోడ్డు కోసం పెట్టిన అర్జీలు మా పక్క కార్యాలయంలో గోధుమరంగు తిరిగి ఉన్నాయి. అక్కడ కొండ నిటారుగా ఉందని, రోడ్డు సాంకేతికంగా అసాధ్యమని ప్రతి అర్జీకీ జవాబు వెళ్లింది. ఐసు కోసం అడిగేసరికి కొండ ఒప్పుకుంది. పంతొమ్మిది రోజుల్లో రోడ్డు పడింది.

మొదటి లారీ వచ్చిన రోజు ఊరంతా వచ్చి చూసింది. చిలకమ్మ దిమ్మని వేలితో ముట్టుకుని, వేలు వాసన చూసుకుని, కూర్మారావు పక్కకి వచ్చింది.

"తమ్ముడా, ఒంట్లో బాగోనేకపోతే మా ఊరోల్లని డోలీ కట్టి మోసుకెల్తారు. మా ఆయన్ని అలాగే మోసేరు. సగం దారిలోనే పోయేడు." ఆవిడ మళ్లీ దిమ్మని ముట్టుకుంది. "సేప మరి అదృట్టం చేసుకున్నాది."

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందో లేదో కూర్మారావుకి తెలీలేదు. కాని వారం తిరక్కుండా ఆవిడ కోడలు జమునకి నొప్పులొచ్చాయి. తొలికాన్పు. కూర్మారావు ఖాళీగా తిరిగెళ్తున్న ఐసు లారీని ఆపి, తడిసిన ఊక మీద దుప్పటి పరిచి, జమునని ఎక్కించి, తానూ ఎక్కాడు. గంటలో ఆసుపత్రి. ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. ప్రభుత్వ ఐసు వాహనంలో ప్రయాణికులని ఎక్కించినందుకు కూర్మారావుకి మెమో ఇవ్వాల్సి వచ్చింది. అదీ నేనే రాశాను. అందులో శిశువు ఆరోగ్యం గురించి కూడా విచారించాను. ఆ వాక్యాన్ని మార్తాండరావు గారు కొట్టేశారు.

ఇంతలో పథకాన్ని పరిశీలించడానికి మూల్యాంకన సంఘం వస్తున్నట్టు తెలిసింది. అధ్యక్షులు చిదంబరేశ్వర్ గారు. విశ్రాంత ఉన్నతాధికారి. బాగుందంటే పథకం రాష్ట్రంలోని అరవై వాగులకి విస్తరిస్తుంది. మార్తాండరావు గారికి ఆ అరవై వాగులూ కలలోకి వచ్చాయట. సంఘం వచ్చే ముందురోజు నాలుగు దిమ్మలకి బదులు పదహారు వేయించారు. మడుగు మాత్రమే కాదు, గెడ్డ కిందిదాకా చల్లబడిపోయింది.

అదే రోజు పొద్దున చిలకమ్మ కూర్మారావు దగ్గరికి వచ్చింది. జమునకి పాలు పడటం లేదు. పిల్ల ఏడ్చి ఏడ్చి బొంగురుపోయింది. బాలింతకి నాలుగు చేపలు పులుసు పెట్టి తినిపిస్తే పాలు పడతాయని ఆవిడ నమ్మకం. కింద మడుగులో బుట్ట పెట్టుకుంటానని అడిగింది. అక్కడ దొరసాని ఉండదు కదా అంది.

కూర్మారావుకి నియమం తెలుసు. ఊళ్లోంచి పిల్ల ఏడుపు కూడా వినిపిస్తోంది.

"కింద మడుగే కదా, పెట్టుకో అప్పా. పరిగెలు పడతాయి" అన్నాడు. "నేను పైన ఐసు పని చూసుకుంటాను."

ఆవిడ అటకమీంచి బుట్ట దించింది.

మర్నాడు గురువారం. పొద్దున్నే చిదంబరేశ్వర్ గారు తన బృందంతో దిగారు. నన్ను కూడా ఫైళ్లతో రమ్మన్నారు. ఆయన రబ్బరు లాగు తొడుక్కుని మడుగులో దిగి ఈగని విసిరారు. బాగానే విసిరారు. ఐసునీళ్లలో గంట నిలబడ్డారు. ఏదీ పట్టలేదు. రెండో గంటకి ఆయన పెదవులు నీలమయ్యాయి. లాగు లోపల ఒక జలగ ప్రవేశించినట్టు ఆయన సభ్యులకి గంభీరంగా తెలియజేశారు. మార్తాండరావు గారు ఒడ్డున నిలబడి, ట్రౌటు ఆలోచిస్తోందండి, తొందరపడే జాతి కాదండి అంటూ చెమటలు తుడుచుకున్నారు.

కూర్మారావు రాళ్ల కిందా, ఊట దగ్గరా చూశాడు. రొయ్యముక్క పట్టుకుని నీళ్ల మీద చేత్తో తట్టాడు. రోజూ ఆ చప్పుడుకి వచ్చేది. రాలేదు. కింద మడుగు దగ్గర చిలకమ్మ నిలబడి చెయ్యి ఊపి పిలుస్తోంది. వెళ్లాడు.

జరిగింది ఇది. ముందురోజు పదహారు దిమ్మలతో గెడ్డంతా చల్లబడేసరికి దొరసాని తన జన్మలో మొదటిసారి షికారుకి బయల్దేరి కింద మడుగుకి వచ్చింది. బుట్ట పెడుతున్న మనిషిని చూసి, ఇది కూడా ఉద్యోగంలో భాగమే అనుకుందేమో, తిన్నగా వచ్చి బుట్టలో కూర్చుంది. ఆవిడ రెండుసార్లు బయటకి తోసింది. రెండుసార్లూ మళ్లీ వచ్చి నోరు తెరిచింది. మూడోసారి ఆవిడకి పిల్ల ఏడుపు వినపడింది.

కూర్మారావు అక్కడే రాతి మీద కూలబడ్డాడు. ఉద్యోగం సంగతి అతనికి ఇంకా గుర్తు రాలేదు. చేతిలో రొయ్యముక్క ఉండిపోయింది. పాలు పడ్డాయా అని మాత్రం అడిగాడు. పడ్డాయని చెప్పింది ఆవిడ. అతను తల ఊపి, రొయ్యముక్కని నీళ్లలోకి విసిరేసి, పైకి వచ్చి, మార్తాండరావు గారి చెవిలో రెండు ముక్కలు చెప్పాడు.

ప్రత్యేకాధికారి మొహం ఐసుదిమ్మలా అయింది. కాని ఆయన అనుభవజ్ఞుడు. మడుగులోకి వంగి, "సర్, ఈవేళ గురువారం. ట్రౌటుకి సెలవు" అన్నారు.

చిదంబరేశ్వర్ గారు విసరబోతున్న గాలాన్ని గాల్లోనే ఆపారు. "ఉత్తర్వు ఉందా?"

నేను చూపించాను. ఆయన నీళ్లలో నిలబడే మొత్తం చదివి, సంతకం సరిచూసి, సెలవుల్లో ఉన్న సిబ్బందిని పిలిచి ఇబ్బంది పెట్టడం తన నలభై ఏళ్ల సర్వీసులో ఎన్నడూ చేయలేదని చెప్పి, గట్టెక్కారు. శుక్రవారం పదింటికి ట్రౌటుని హాజరుపరచమని మాత్రం అన్నారు.

మధ్యాహ్నం చిలకమ్మ ఇంటి అరుగుమీద విచారణ జరిగింది. మార్తాండరావు గారు కుర్చీలో, ఆవిడ గడపలో, నేను కాగితాలతో మెట్టుమీద. కూర్మారావు నిలబడ్డాడు. బుట్ట పెట్టుకోమన్నది తానే అని, ఆవిడ తప్పేమీ లేదని, ఏం చేసినా తనని చెయ్యమని ముందే చెప్పేశాడు. పదకొండేళ్లలో అతను అంత పొడుగ్గా మాట్లాడటం నేను వినలేదు.

మార్తాండరావు గారి ఇబ్బంది వేరు. ఆవిడ మీద కేసు పెడితే ఒక ట్రౌటు చచ్చిపోయిందని రాయాలి. చచ్చిపోతే మిగతావి ఏవని అడుగుతారు. తొమ్మిది వందల ఇరవై ఆరు పట్టివేతలూ ఒక్క చేపవేనని బయటపడుతుంది. ఆయన గొంతు సవరించుకుని, ఏడో నియమం చదవమన్నారు. చదివాను.

"సదరు ట్రౌటుని పట్టిన తరువాత నువ్వు ఏం చేశావు? నిజం చెప్పు."

"కుండలో ఏసేనండి."

"కుండలో ఏముంది?"

"నీల్లు."

ఆయన ముందుకి వంగారు. "అప్పటికి ట్రౌటు ప్రాణంతో ఉందా?"

"ఉన్నాది బాబు. తోకెట్టి కొడతంటే నా సీరంతా తడిసిపోనాది."

"ఎంతసేపట్లో వేశావు?"

"పట్టిన ఎంటనే. గుమ్మంలోనే కుండ."

మార్తాండరావు గారు నావైపు తిరిగారు. రాసుకోండి అన్నారు. ప్రాణముతో ఉండగానే, ఆలస్యము చేయక, నీటిలో విడిచినది. నియమం అక్షరాలా పాటించబడినది. నిజానికి ఈవిడ మన పెద్దలందరికంటే తొందరగా విడిచింది, ఫొటో కూడా దిగలేదు అన్నారు.

ఆ తరువాత ఏం జరిగిందో కూడా రాయాలా అని నేను అడిగాను.

"పొయ్యి మీదెట్టేను" అని చిలకమ్మే చెప్పింది. ఆవిడకి దాచే ఉద్దేశం ఏ కోశానా లేదు.

"అది నియమంలో లేదు" అన్నారు మార్తాండరావు గారు ప్రశాంతంగా. "విడవవలసిన నీటి కింద ఏముండాలో, ఏముండకూడదో మనం ఎక్కడా రాయలేదు. చింతపండు విషయం కూడా లేదు. ఉల్లంఘన జరగలేదు. విచారణ ముగిసింది."

ముగిసింది గాని శుక్రవారం పదింటికి ట్రౌటు కావాలి. ఆ సాయంత్రం ఆయన అతిథిగృహం వరండాలో అటూ ఇటూ తిరుగుతూ ఉంటే నాకు జాలేసింది. ముప్ఫై ఏళ్లుగా నేను చూస్తున్నాను. మా శాఖలో ఏదైనా ఒకచోట ఉండకుండా, అలాగని పోకుండా ఉండటానికి ఒకే మార్గం ఉంది. సంకోచిస్తూనే చెప్పాను.

"సార్, బదిలీ చేస్తే?"

ఆయన ఆగిపోయారు. నా రెండు చేతులూ పట్టుకున్నారు.

ముసాయిదా గంటలో తయారైంది. 'జీలుగుగెడ్డ నందు విధులు నిర్వర్తించుచున్న ట్రౌటును పరిపాలనా కారణములపై పొరుగు జిల్లాలోని నిమ్మలవాగునకు బదిలీ చేయడమైనది. సదరు ట్రౌటు బుధవారము మధ్యాహ్నము విధుల నుండి విముక్తి పొందినది.' ఈ విముక్తి మాటలో అబద్ధం ఏమీ లేదు. చివర నేను సొంతంగా రెండు వాక్యాలు కలిపాను. ట్రౌటు విధులు ముగిసినందున మూడో నియమము ప్రకారము స్థానికులపై ఉన్న నిషేధము తొలగిపోయినది. ప్రజాప్రయోజనము దృష్ట్యా రోడ్డు యథాతథముగా ఉండును. మార్తాండరావు గారు ఆనందంలో చివరిదాకా చదవకుండా సంతకం పెట్టారు. నా సర్వీసులో నేను సొంతంగా రాసినవాటిలో ఎవరూ కొట్టేయనివి ఆ రెండే.

శుక్రవారం పదింటికి చిదంబరేశ్వర్ గారికి ఆ ఉత్తర్వు అందించాం. ఆయన చదివి, అది ట్రౌటు కోరుకున్న బదిలీయా, పరిపాలనా కారణాలదా అని అడిగారు. పరిపాలనా కారణాలు అన్నాం. తాను కూడా సర్వీసులో పదిహేడుసార్లు అలాగే వెళ్లానని చెప్పి, నిట్టూర్చి, కళ్లు ఒత్తుకున్నారు. ఒక సమర్థమైన ట్రౌటుని మంచి ఫలితాలిస్తున్న సమయంలో కదపడం ఈ వ్యవస్థలోనే ఉన్న లోపమని నివేదికలో రాశారు. పథకాన్ని అరవై వాగులకి విస్తరించాలని కూడా రాశారు. మార్తాండరావు గారికి పదోన్నతి వచ్చింది. ఇప్పుడాయన అరవై వాగుల అధికారి.

నెల తిరక్కుండా నిమ్మలవాగు కార్యాలయం నుంచి మాకు ఉత్తరం వచ్చింది. అందులో ఏముంటుందోనని రెండు రోజులు కవరు విప్పలేదు. మూడో రోజు ఏదో పనిమీద కొండెక్కుతూ జేబులో పెట్టుకెళ్లాను. గెడ్డ ఒడ్డున కూర్మారావు, చిలకమ్మ బుట్ట బిగిస్తున్నారు. జమున పిల్లని ఒళ్లో వేసుకుని ఎండకి కూర్చుంది. పిల్ల బొద్దుగా ఉంది. ఉత్తరం అక్కడే విప్పి అందరికీ వినపడేలా చదివాను.

'తమరు బదిలీ చేసిన ట్రౌటు నిర్ణీత గడువులోగా ఈ కార్యాలయమున విధులలో చేరినది. చేరిన మొదటి వారములోనే అరవై మూడు పట్టివేతలు నమోదైనవి. ఇచట పని భారము అధికముగా ఉన్నందున, ఇటువంటిదే మరొక ట్రౌటును త్వరగా పంపగలరు.'

కూర్మారావు బుట్ట వదిలేసి, కడుపు పట్టుకుని, ఒడ్డున ఇసకలో దొర్లి దొర్లి నవ్వాడు. దొరసాని పోయాక అతను నవ్వడం అదే మొదటిసారి. జమున పిల్ల ఉలిక్కిపడకుండా చెవులు మూసి తనూ నవ్వింది.

చిలకమ్మ మాత్రం నవ్వలేదు. కాగితం తన చేతిలోకి తీసుకుని, చదువు రాకపోయినా అటూ ఇటూ తిప్పి చూసింది. తరవాత గెడ్డవైపు చూసి, మనవరాలి వైపు చూసి, చాలా బాధ్యతగా నన్ను అడిగింది.

"బాబూ, ఇంకోటి పంపమన్నారు కదా. పులుసెట్టి పంపాలా, ఊరికే పంపాలా?"